రిఫండ్ మీద వడ్డీ: అసలు వచ్చాక కూడా వదలకుండా అడిగాను

నేను విశాఖలో ఆర్కిటెక్ట్‌ని. 2022-23లో రెండు కంపెనీలకు డిజైన్లు చేసిచ్చి తొమ్మిది లక్షల ఫీజు తీసుకున్నాను. రెండూ 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194జె కింద పది శాతం టీడీఎస్ (ఫీజు ఇచ్చేటప్పుడే కోసుకునే పన్ను) పట్టుకుని మిగతాది వేశాయి. వృత్తి నిపుణుల ఆదాయాన్ని అంచనాగా లెక్కించే 44ఏడీఏ ప్రకారం ఫీజులో సగం ఆదాయంగా చూపిస్తే నాలుగున్నర లక్షలు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి పన్ను తగ్గించే 87ఏ రిబేటు పోను కట్టాల్సిన పన్ను సున్నా. అంటే పట్టుకున్న 90,000 మొత్తం వెనక్కి రావాలి. గడువు 31 జులై 2023 కంటే ముందే రిటర్న్ వేశాను.

30,000 మాత్రం వడ్డీతో సహా త్వరగానే వచ్చింది. రెండో కంపెనీ పట్టుకున్న 60,000 ఊసే లేదు. 26ఏఎస్ (నా పేరు మీద జమైన పన్నుల పట్టిక) తీసి చూస్తే అందులో ఆ కంపెనీ పేరే కనబడలేదు. నా టీడీఎస్ వివరాలుండే 26క్యూ స్టేట్‌మెంట్ వాళ్లు దాఖలే చేయలేదు. ఆలస్యానికి 234ఈ కింద రోజుకు 200 రూపాయల ఫీజు పడుతుందని తెలిసి కూడా వాళ్ల అకౌంట్స్ సెక్షన్ కదల్లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం అయిపోతుందండీ" అనేవారు. చివరికి 2024 వేసవిలో దాఖలు చేశారు. ఫారం 16ఏ (కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్) చేతికి రాగానే, జులైలో ఆదాయపు పన్ను పోర్టల్‌లో సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ (తప్పు సరిచేయమనే దరఖాస్తు) పెట్టాను. అక్టోబరులో 60,000 ఖాతాలో పడింది.

దానితో పాటు వడ్డీ 1,200 పడింది. ఆర్డర్ తెరిచి, రిఫండ్ మీద వడ్డీ చూపించే 244ఏ వరుస చూశాను. నెలకు అర శాతం, అంటే 60,000 మీద నెలకు 300 రూపాయలు. 1,200 అంటే నాలుగు నెలలకే. జులై నుంచి అక్టోబరు దాకా, నేను రెక్టిఫికేషన్ పెట్టిన నెల నుంచి లెక్కేశారు. చట్టంలో అలా లేదు. గడువులోగా రిటర్న్ వేస్తే, టీడీఎస్ మీద వచ్చే రిఫండ్‌కి అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఆర్థిక సంవత్సరం) మొదటి రోజు, అంటే నా విషయంలో 1 ఏప్రిల్ 2023 నుంచి, రిఫండ్ ఇచ్చే దాకా వడ్డీ రావాలి. నెలలో కొన్ని రోజులే అయినా పూర్తి నెల కిందే లెక్క. మొత్తం పంతొమ్మిది నెలలకు 5,700 రావాలి. ఇంకా 4,500 బాకీ.

"అసలు వచ్చిందిగా, నాలుగు వేల కోసం ఎందుకండీ ఈ తిప్పలు?" అన్నారు మా సీఏ గారు. నాకు మనసొప్పలేదు. అదే నేను పన్ను ఆలస్యంగా కడితే నెలకు ఒక శాతం వసూలు చేస్తారు. నాకు ఇచ్చేది అందులో సగం. ఆ సగమైనా పూర్తిగా ఇవ్వాలి కదా! నా డబ్బు ఏడాదిన్నర ప్రభుత్వం దగ్గరుంది. వడ్డీ ఇవ్వడం వాళ్లు చేసే ఉపకారం కాదు. 2014లో టాటా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా రిఫండ్‌తో పాటు వడ్డీ చెల్లించాల్సిందేనని చెప్పింది.

అడ్డు రాగలిగింది ఒక్కటే, 244ఏ రెండో ఉపసెక్షన్. పన్ను చెల్లింపుదారు వల్ల జరిగిన ఆలస్యాన్ని వడ్డీ లెక్కలోంచి తీసేస్తారు. కానీ ఇక్కడ ఆలస్యం చేసింది కంపెనీ. నేను రిటర్న్‌లోనే మొత్తం 90,000 చూపించాను. ఈ మాటే మళ్లీ ఒక రెక్టిఫికేషన్‌లో రాసి, లెక్క నెలలవారీగా వేసి, మొదటి ఇంటిమేషన్ (రిటర్న్ చూశాక శాఖ పంపిన లెక్క), 16ఏ జతచేశాను. జవాబు రాకపోతే పోర్టల్‌లోనే గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాను. ఫైలు అసెస్సింగ్ ఆఫీసర్‌కి వెళ్లింది. అక్కడ ఒక ఉద్యోగి నా కాగితం ఓపికగా చదివి, "తేదీల లెక్క మీరే వేసి పెట్టారు, నా పని తేలికైంది" అన్నారు. అలా రాసివ్వడం ఎంత ఉపయోగమో అప్పుడు అర్థమైంది. తర్వాత మిగతా 4,500 వచ్చింది.

ఆ 4,500 ఆలస్యమైనందుకు మళ్లీ వడ్డీ రాలేదు. చట్టంలో ఉన్న వడ్డీకి మించి అడగడానికి లేదని గుజరాత్ ఫ్లోరో కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చేసింది. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

గడువు దాటాక రిటర్న్ వేస్తే వేసిన తేదీ నుంచే వడ్డీ. రిఫండ్ మీకు తేలిన పన్నులో పది శాతం కంటే తక్కువైతే వడ్డీయే రాదు. ఆర్డర్‌లో తేడా కనబడితే, అది వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు సరిచేయమని అడగొచ్చు. వచ్చిన వడ్డీ మాత్రం ఆదాయమే. ఏ ఏడాది చేతికొస్తే ఆ ఏడాది రిటర్న్‌లో ఇతర ఆదాయం కింద చూపించాలి.