రంపం తినే వాటా

"రంపం కూడా తన వాటా తింటుందిరా అబ్బాయ్." ఫిట్టింగ్ షాపులో మాస్టారు ఈ మాట అనని రోజు లేదు. గీత మీదే కోస్తే ముక్క పొట్టిదైపోతుంది. గీత బయట కోసి, ఆకురాయితో గీత దాకా రావాలి. 1986లో పాలిటెక్నిక్ రెండో ఏడులో ఇది నోట్సులో రాసుకున్నాను గానీ చేతికి పట్టుబడలేదు. పరీక్షలో నా జాబ్, అంటే మార్కుల కోసం చేసి చూపాల్సిన ఇనప ముక్క, సగం అరగదీసి పెట్టింది పక్క వైస్ దగ్గరున్న అంతర్వేది వాడే. ఇప్పుడు ఒప్పుకున్నా మార్కులు వెనక్కి తీసుకోరని ధైర్యం. వాడు మాత్రం లెక్కల్లో తప్పి, ఊరెళ్లి ఫైబర్ బోట్ల పనిలో చేరాడు. నేను డిప్లొమా పట్టుకుని ఎక్కడెక్కడో తిరిగి అమెరికాలో తేలాను.

అక్కడ సొంతంగా విమానం కట్టుకోవచ్చు. కిట్ కొనుక్కోవచ్చు గానీ, పనిలో సగానికి పైగా సరదా కోసమో నేర్చుకోవడం కోసమో మనలాంటి వాళ్లే చేసి ఉండాలన్నది రూలు. నాకు ఆరేళ్లు పట్టింది. రెక్కలూ తోకా అల్యూమినియం. ఇంజిన్ మీది కవరు, అంటే కౌలింగ్, ఫైబర్‌గ్లాస్. ఎగిరే ముందు ఆయిల్ చూడాలి. అందుకోసం ప్రతిసారీ పై కౌలింగ్ విప్పాలంటే ఏదో ఒక రోజు బద్ధకిస్తాం. అందుకే ఆయిల్ మట్టం చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, ఎదురుగా చిన్న తలుపు పెట్టుకుంటారు. దిగాక అది తెరిచి ఉంచితే ఇంజిన్ వేడి కూడా పైకి పోతుంది.

ఆ తలుపు ముక్కని కౌలింగ్‌లోంచే కోయాలి. మూలలు గుండ్రంగా తీయడం గుర్తుంది, అది మాస్టారి పుణ్యమే. మూల పదునుగా ఉంటే ఇంజిన్ అదురుకి అక్కడే పగులు మొదలవుతుంది. కానీ డిస్కుతో గీత మీదే కోశాను, అదీ రెండుసార్లు. ముక్క చుట్టూ వేలికొస పట్టేంత సందు!

ఆ మే నెలలో ఊరొచ్చి, ఫోటో పట్టుకుని అంతర్వేది వెళ్లాను. "ఇది తలుపేంట్రా, ఎలక కన్నంలా ఉంది" అన్నాడు. అయినా పాత బోటు పలక ఒకటి తెచ్చి, నాలా కోయించి, నా చేతే బాగుచేయించాడు. కోసిన ముక్కని దాని చోట్లోనే పెట్టి పైనుంచి టేపు అంటించాలి. లోపలివైపు ముక్కంతా, సందుతో సహా, ప్యాకింగ్ టేపు వేసేయాలి, రెసిన్, అంటే గాజుపోగుల గుడ్డని గట్టిపరిచే జిగురు, దానికి అంటుకోదు. చుట్టూ పలకని మాత్రం గరుకుగా రుద్ది, ఆ పలకనీ ముక్కనీ కలిపి మూడు నాలుగు పొరలు గ్లాసు గుడ్డ వేయాలి. ఎండాక ముక్క ఊడదీసి, మధ్యలో కొత్త పొర కోసేస్తే చుట్టూ అంచు మిగులుతుంది. తలుపు దాని మీద కూర్చుంటుంది. మిగిలిన సందుకి కన్నం అంచున మైనం రాసి, ముక్క అంచుకి చిక్కటి రెసిన్ పూసి మూసేయడమే. నేను రెసిన్ అంతా ఒకే మగ్గులో కలిపాను, నిమిషాల్లో పొగలొచ్చి గడ్డకట్టింది. పళ్లెంలో పల్చగా పోసుకోవాలట!

వాడి పద్ధతి తెచ్చుకున్నాను గానీ వాడి రెసిన్ కాదు. నా కౌలింగ్ ఎపాక్సీ రకం రెసిన్‌తో చేసింది, బోట్లకి వాడే పాలియెస్టర్ రెసిన్ దాని మీద సరిగ్గా పట్టదు. మడతబందు ముందువైపు పెట్టాను. దారిలో గొళ్లెం ఊడినా ఎదురుగాలే తలుపుని అదిమి ఉంచుతుంది.

ఇంత చేసినా మొదటిసారి ఎగిరినప్పుడే తలుపు వెనక అంచు ఉబ్బి లేచింది. కాక్‌పిట్లోంచి చూస్తూ కూర్చున్నాను, టెన్షన్‌తో నోరెండిపోయింది. లోపలి గాలి తోస్తుంది, వంపు మీద వేగంగా పోయే గాలి పైకి లాగుతుంది, నా తలుపేమో పూతరేకు. దిగగానే వాడికి ఫోన్ చేశాను.

"చేనుకి గట్టుంటుంది కదరా, పలకకి అక్కర్లేదా? బోట్లకి లోపల గట్లు వేయట్లా మేము?"

సన్నటి ఫోమ్ పట్టీలు అంటించి, వాటి మీద గ్లాసు గుడ్డ వేశాను. మళ్లీ లేవలేదు.

పోయినేడు వెళ్తే, మేము నేర్చుకోవడానికి చేసిన తలుపు వాడి బోటు ఇంజిన్ పెట్టె మీద కనపడింది. ఎక్కడా సందు లేదు.

"నీ జాబేరా అది, మొత్తం నువ్వే చేశావు. మార్కులేయించుకో" అన్నాడు.