రాష్ట్రాల హక్కులా, మనుషుల మీద హక్కా?

అమెరికాలోని అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్న మా అన్న కొడుకు సంక్రాంతికి కందుకూరు వచ్చినప్పుడు, "బాబాయ్, వాళ్ల అంతర్యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమే జరిగిందట గదా, బానిసత్వం సాకు మాత్రమేనంటున్నారు" అన్నాడు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ వాదనకు జవాబు అమెరికా నుంచి విడిపోయి యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాలే రాసిపెట్టి వెళ్లాయి. తమ పరిస్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని 1861 జనవరిలో మిసిసిపి తన ప్రకటన మొదట్లోనే చెప్పుకుంది. అదే మార్చిలో సవన్నాలో మాట్లాడుతూ దక్షిణాది ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్, నల్లవాడు తెల్లవాడితో సమానుడు కాడన్నదే తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని ప్రకటించాడు. ఇక రాష్ట్రాల హక్కుల మాటకొస్తే, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న 1850 నాటి కేంద్ర చట్టాన్ని ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో అడ్డుకున్నప్పుడు, ఆ రాష్ట్రాలకు అంత హక్కు ఎక్కడిదని గగ్గోలు పెట్టింది దక్షిణాదే.

మూలం పత్తిలో ఉంది. 1793లో ఎలీ విట్నీ గింజ తీసే యంత్రం తయారుచేశాక పత్తి సాగు విపరీతంగా పెరిగింది; 1860 నాటికి ఆ దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే, బానిసల సంఖ్య సుమారు 40 లక్షలు. అధ్యక్ష పదవికి పోటీ చేసిన లింకన్, అప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాన్ని రద్దు చేస్తాననలేదు, పడమటి కొత్త ప్రాంతాలకు పాకనివ్వనని మాత్రమే అన్నాడు. అంతమాత్రానికే, ఆయన గెలిచిన కొద్ది వారాలకు, 1860 డిసెంబరులో సౌత్ కరోలినా విడిపోయింది.

మనకు దగ్గరి సాక్ష్యం ఒకటుంది. 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టిన మిషన్ అమెరికా బాప్టిస్టులది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చా అన్న తగాదాతోనే ఆ బాప్టిస్టులు యుద్ధానికి పదహారేళ్ల ముందు, 1845లో, రెండుగా చీలిపోయారు. నెల్లూరు మిషన్ ఉత్తరాది వారి పక్షాన నిలిచింది. ఒంగోలులో ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర 1866లో కాపురం పెట్టే నాటికి ఆ యుద్ధం ముగిసి ఏడాదే అయింది. దైవభక్తులు విడిపోయింది రాష్ట్రాల హక్కుల దగ్గర కాదు గదా!

1861 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లు సాగిన పోరులో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. 1863లో లింకన్ చేసిన బానిసల విముక్తి ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. దేశమంతటా బానిసత్వం పోయింది 1865 డిసెంబరులో, 13వ రాజ్యాంగ సవరణతో.

నా దృష్టిలో అసలు కథ ఆ తర్వాతిదే. 1865 జనవరిలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ తీరప్రాంతంలో విముక్త కుటుంబాలకు 40 ఎకరాల వరకు ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చాడు; లింకన్ హత్య తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకే తిరిగి అప్పగించాడు. అంతకుముందు 1862లో వాషింగ్టన్ నగరంలో బానిసలను విడిపించినప్పుడు ప్రభుత్వం తలకు 300 డాలర్ల దాకా నష్టపరిహారం చెల్లించింది, అదీ యజమానులకే. భూమి లేనివాడు పాలికి దున్నక తప్పలేదు. విత్తనం, మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పందిమాంసం అన్నీ దుకాణంలో అరువే. పత్తి తూకం వేసిన రోజున లెక్క చూసేదీ ఆ దుకాణదారే. మన మెట్ట ఊళ్లలో పెట్టుబడి పెట్టిన షావుకారికే పంట తోలిన రైతుకు ఆ చిట్టా ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. 1870లో రాజ్యాంగంలోకి ఎక్కిన నల్లవారి ఓటు హక్కును కూడా అక్షరాస్యత పరీక్షలతో, ఓటు పన్నుతో లాగేసుకున్నారు. దానికి మళ్లీ కేంద్రం గట్టి రక్షణ కల్పించింది 1965 నాటి ఓటు హక్కుల చట్టంతోనే, అప్పుడూ దక్షిణాది నాయకులు ఎత్తుకున్నది రాష్ట్రాల హక్కుల పాటే.