టైమ్‌టేబుల్ ముందు, పట్టాలు తర్వాత

నవంబరు, మంగళవారం. ఓల్టెన్.

పొద్దున్నించీ పొగమంచు. ఆరే నది పక్కన ఉన్న ఈ ఊళ్ళో నవంబరంటే ఇంతే. స్విట్జర్లాండ్ రైలు మార్గాల దూరాలు లెక్కపెట్టడానికి సున్నా కిలోమీటరు రాయి పాతింది ఇక్కడే. జ్యూరిక్, బెర్న్, బాసెల్, లూసెర్న్ వైపు నుంచి వచ్చే లైన్లు ఇక్కడ కలుస్తాయి. ఇవాళ విశేషమేమీ లేదు, బండ్లు నడిచాయి. ఇలాంటి మామూలు రోజు వెనక ఎంత లెక్క ఉందో రాసిపెడదామని ఈ నాలుగు ముక్కలు.

ఏడుంబావుకి ప్లాట్‌ఫారాలు దాదాపు ఖాళీగా ఉంటాయి. ఏడున్నర దగ్గరపడేసరికి ఒక్కో దిక్కు నుంచీ ఒక్కో బండి వచ్చి ఆగుతుంది. జనం ఇందులోంచి దిగి అందులోకి ఎక్కుతారు. ఏడున్నర దాటిన కాసేపటికి అన్నీ వెళ్ళిపోతాయి. ఎనిమిదింటికి మళ్ళీ అదే తంతు. రాత్రి దాకా ప్రతి గంటా ఇంతే. బెర్న్, జ్యూరిక్, బాసెల్‌లలో కూడా ఇదే పద్ధతి: పూర్తి గంటకి కాస్త ముందు బండ్లన్నీ చేరతాయి, కాస్త తర్వాత కదులుతాయి. అరగంటకీ అంతే.

ఈ పద్ధతిలో ఒక చిన్న కిటుకుంది, తెలిస్తే టైమ్‌టేబుల్ చూడకుండానే సగం చెప్పేయొచ్చు. జ్యూరిక్‌లో బెర్న్ బండి గంట దాటిన 2వ నిమిషానికీ 32వ నిమిషానికీ కదులుతుంది. అంటే బెర్న్ నుంచి వచ్చేది 58కీ 28కీ చేరుతుంది. వెళ్ళే నిమిషం, వచ్చే నిమిషం కలిపితే 60. ఏ చిన్న స్టేషన్లో అయినా అంతే. ఇటు బండి 17కి పోతుంటే అటు బండి 43 ప్రాంతంలో వస్తుంది. మొత్తం టైమ్‌టేబుల్‌ని సున్నా నిమిషం దగ్గర మడత పెట్టినట్టు రాశారు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. గంటకో బండి నడిచే లైను మీద ఎదురుబండ్లు ప్రతి 30 నిమిషాల ప్రయాణానికి ఒకసారి కలుస్తాయి. అరగంటకో బండి అయితే ప్రతి 15 నిమిషాలకి. సింగిల్ లైను అయితే, సరిగ్గా ఆ కలిసే చోటే రెండో పట్టా ఉండాలి. ఇంకెక్కడ వేసినా డబ్బు దండగ. కాబట్టి పట్టా ఎక్కడ వేయాలో చెప్పేది టైమ్‌టేబులే. మామూలుగా ఏ దేశంలోనైనా ముందు లైను కడతారు, దాని మీద ఎంత వేగం వస్తే అంతకి సమయాలు రాస్తారు. ఇక్కడ ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని నిమిషాలు పట్టాలో ముందు తేల్చుకుని, అంత సమయంలో చేరడానికి కొండ ఎక్కడ తవ్వాలా అని వెతుకుతారు.

ఈ ఆలోచన 1970ల మొదట్లో కొందరు యువ రైల్వే ఇంజనీర్లది. 1982 మేలో దేశమంతా గంటకో బండి పద్ధతి వచ్చింది. 1987 డిసెంబరులో జనం ఓటేసి ‘బాన్ 2000’ (రైల్వే 2000) పథకానికి ఒప్పుకున్నారు. వీలైనంత వేగం కాదు, అవసరమైనంత వేగం. ఇదే ఆ పథకం సూత్రం. జ్యూరిక్ నుంచి బెర్న్‌కి అప్పట్లో గంటా పది నిమిషాల దాకా పట్టేది. రెండు చోట్లా గంటకి ముందు చేరి గంట తర్వాత కదలాలంటే ప్రయాణం గంటలోపు ముగియాలి, దిగి ఎక్కడానికి నాలుగైదు నిమిషాలూ మిగలాలి. అందుకని మాట్‌స్టెటెన్ నుంచి రోత్రిస్ట్ దాకా దాదాపు 45 కిలోమీటర్ల కొత్త లైను వేశారు. వేగం గంటకి 200 కిలోమీటర్లు. 2004 డిసెంబరు 12 నుంచి ప్రయాణం 56 నిమిషాలు. 300 వేగంతో లైను కట్టి 45 నిమిషాలకి తెచ్చి ఉంటే బండి బెర్న్‌లో పదకొండు నిమిషాల ముందే చేరి, కనెక్షన్ బండి కోసం ఊరికే కూర్చునేది. ఖర్చు ఎక్కువ, లాభం సున్నా.

ఆ 56లో కూడా కొంత గాలి ఉంది. బండి ఆగకుండా పూర్తి వేగంతో పోతే పట్టే సమయానికి సుమారు 7 శాతం కలిపి రాస్తారు. ఆకులు రాలి పట్టాలు జారే ఇలాంటి నవంబరు పొద్దున అదే కాపాడుతుంది.

స్టేషన్ గడియారం గురించి కూడా ఒక మాట. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు గీసిన గడియారం ఇది. ఎర్ర సెకన్ల ముల్లు దాదాపు 58న్నర సెకన్లలో చుట్టు పూర్తిచేసి, పైన 12 దగ్గర ఆగుతుంది. ప్రధాన గడియారం నుంచి నిమిషానికోసారి వచ్చే కరెంటు సంకేతం అందగానే నిమిషాల ముల్లు ఒక గీత దూకుతుంది, ఎర్ర ముల్లు మళ్ళీ కదులుతుంది. ఏ స్టేషన్లో చూసినా అన్నీ ఒకేసారి దూకాలన్నదే దాని ఉద్దేశం.

ఈ క్రమశిక్షణకి ఒక మూల్యం ఉంది, ప్రయాణికులకి కనపడనిది. బండ్లన్నీ ఒకే నిమిషంలో కదిలితే కరెంటు కూడా ఒకే నిమిషంలో లాగుతాయి. పంక్తి భోజనంలో అందరూ ఒక్కసారి చెయ్యి చాపితే వడ్డించేవాళ్ళకి ఊపిరాడదు కదా, అదే పరిస్థితి. ఇక్కడ రైళ్ళకిచ్చేది 15,000 వోల్టుల, 16.7 హెర్ట్జ్ కరెంటు. ఇళ్ళకి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటుని నేరుగా వాడుకోలేరు, మార్చే స్టేషన్లు కావాలి. అందుకే ఇక్కడి జాతీయ రైల్వే సంస్థ ఎస్‌బీబీకి ఆమ్‌స్టెగ్, రిటోమ్, ఎట్జెల్ లాంటి సొంత జలవిద్యుత్ కేంద్రాలున్నాయి, రైలు కరెంటులో దాదాపు 90 శాతం నీటిదే. అయినా గడ్డకట్టే పొద్దున ఆ కొద్ది నిమిషాల శిఖరం కోసమే ఇంకో కేంద్రం కట్టడం దండగ. దానికి బదులు ఆ సమయంలో పెట్టెల్లోని హీటర్లు, బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్ళించే పాయింట్ల దగ్గర మంచు కరిగించే హీటర్లు కొద్ది నిమిషాలు కంప్యూటరే ఆపేస్తుంది. పెట్టె అంత త్వరగా చల్లబడదు, లోపల కూర్చున్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. నన్నడిగితే ఈ దేశం రైల్వేలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే, కొండల కింది సొరంగాలు కాదు.

పిల్లల దగ్గరికి వచ్చిన మనవైపు అమ్మానాన్నలు ఐదు నిమిషాల కనెక్షన్ చూసి హడలిపోతుంటారు. భయం అక్కర్లేదు గానీ కొన్ని చూసుకోవాలి. బోర్డు మీద రాసింది బండి కదిలే సమయం, తలుపులు అంతకన్నా ముందే మూసుకుంటాయి. ప్లాట్‌ఫారం పొడవునా ఏ, బీ, సీ, డీ అని భాగాలుంటాయి. ఏ తరగతి పెట్టె ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్‌లోనూ బోర్డు మీదా ఉంటుంది, అక్కడికే వెళ్ళి నిలబడాలి. రెండంతస్తుల ఇంటర్‌సిటీల్లో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి దారి పై అంతస్తులోనే. పెద్ద సూట్‌కేసుతో తప్పు పెట్టె ఎక్కితే మెట్లు తప్పవు.

జ్యూరిక్ ప్రధాన స్టేషన్లో నంబరు చూసుకోకపోతే ఇరుక్కుంటారు. 3 నుంచి 18 దాకా నేల మీద, 31 నుంచి 34 ఒకవైపు నేల కింద, 41 నుంచి 44 ఇంకోవైపు నేల కింద. 31 నుంచి 44కి మారాలంటే పైనున్న పట్టాల కిందుగా అటు చివరికి నడవాలి. ఐదు నిమిషాలు ఉన్నా సామాను ఉంటే తర్వాతి బండే నయం, ఎలాగూ అరగంటలో ఇంకోటి వస్తుంది. 31–34 కట్టడం వెనక కూడా నిమిషాల లెక్కే ఉంది. పైనున్నది చివరి స్టేషన్, లోపలికొచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. బెర్న్ నుంచి సాంక్ట్ గాలెన్ పోయే బండి డ్రైవరు ఈ చివర నుంచి ఆ చివరకి మారాల్సి వచ్చేది. 2014లో కింద తెరిచిన స్టేషన్, 4.8 కిలోమీటర్ల వైన్‌బెర్గ్ సొరంగం వల్ల ఆ తిప్పుడు పోయింది.

ఇక తేడా ఎక్కడొస్తుందంటే, ముందు సరిహద్దు దగ్గర. సముద్రం లేని దేశం కదా, రాటర్‌డామ్ నుంచి రైల్లో వచ్చే సరుకైనా హాంబర్గ్ నుంచి వచ్చే మనిషైనా ఇతరుల పట్టాల మీదుగానే రావాలి. ఇక్కడ మూడు నిమిషాలు దాటితే ఆలస్యం కింద లెక్క. ఆ లెక్కన వందలో 93 దాకా సమయానికి నడుస్తాయి. జర్మనీలో ఆరు నిమిషాల దాకా ఆలస్యమే కాదు. అంత సడలించినా అక్కడి దూరపు బండ్ల పరిస్థితి బాగాలేదు. అలాంటి బండిని నేరుగా జ్యూరిక్ దాకా రానిస్తే దాని ఆలస్యం ఇక్కడి బండ్లన్నిటికీ అంటుకుంటుంది. అందుకని ఎక్కువ ఆలస్యమైన జర్మన్ బండిని బాసెల్‌లోనే ఆపేసి, అక్కడ సిద్ధంగా ఉంచిన స్విస్ బండిని సరైన సమయానికి వదులుతారు. ప్రయాణికులకి చిరాకే, టైమ్‌టేబుల్‌కి మాత్రం రక్ష.

కార్ల్‌స్రూహె నుంచి బాసెల్ దాకా నాలుగు లైన్లు చేస్తామని జర్మనీ 1996లోనే ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు. ఆ పనిలోనే 2017 ఆగస్టు 12న రాష్టాట్ దగ్గర, నడుస్తున్న లైను కింద సొరంగం తవ్వుతుంటే నేల కుంగి పైనున్న పట్టాలు వంగిపోయాయి. తవ్వే యంత్రాన్ని లోపలే కాంక్రీటుతో పూడ్చేసి, అక్టోబరు 2న లైను తెరిచారు. ఆ ఏడు వారాలూ ఉత్తరం నుంచి రావాల్సిన గూడ్సు బండ్లు చుట్టుదారులు వెతుక్కున్నాయి.

దేశం లోపలి తేడాల్లో పెద్దది పశ్చిమాన ఉన్న లోజాన్. బెర్న్ నుంచి అక్కడికి 66 నిమిషాలు. ఆరు నిమిషాలు ఎక్కువైనందుకు లెక్కంతా కుదరకుండా పోయింది. కొత్త పట్టాలు వేయకుండా, మలుపుల్లో పెట్టెను లోపలికి వంచి వేగంగా పోయే రెండంతస్తుల బండ్లు కొంటే సరిపోతుందనుకున్నారు. 2010లో 59 బండ్లకి ఆర్డరిచ్చారు, సుమారు 190 కోట్ల ఫ్రాంకులు. 2013లో రావాల్సినవి 2018లో గానీ ప్రయాణికులతో నడవలేదు. ఆ వేగంతో మలుపు తిరిగితే లోపలున్నవాళ్ళకి కుదుపు, లైను సరిచేయడానికి బోలెడు ఖర్చు. 2022లో ఆ వేగపు మలుపుల ఆలోచననే వదిలేశారు. బండ్లు మామూలు వేగంతో తిరుగుతున్నాయి. చిక్కేమిటంటే, 2035 కోసం వేసిన విస్తరణ పథకం కూడా ఆ మిగిలే నిమిషాలని నమ్ముకుని గీసిందే. అవి రావని తేలాక ఆ పథకాన్ని తిరగరాయాల్సి వచ్చింది. టైమ్‌టేబుల్ ముందు రాసుకునే పద్ధతికి ఇదే బలహీనత. ఒక్క నిమిషం లెక్క తప్పితే దాని మీద పేర్చిన కాంక్రీటంతా కదులుతుంది.

దక్షిణాన కొండల్లో ఉన్న ఫిస్ప్‌లో మాత్రం లెక్క కుదిరింది. 2007లో తెరిచిన 34.6 కిలోమీటర్ల లోట్ష్‌బెర్గ్ సొరంగంతో బెర్న్ నుంచి ఫిస్ప్ 55 నిమిషాలైంది. అంతకు ముందు అందరూ మారే ఊరు బ్రిగ్, ఇప్పుడు ఫిస్ప్. కానీ డబ్బు చాలక అందులో 21 కిలోమీటర్లు సింగిల్ లైనుగానే వదిలారు. కాబట్టి ఇటు నుంచి రెండు మూడు బండ్లు వరసగా పంపి, ఆ తర్వాతే అటు నుంచి రానిస్తారు. ముందుది ఆలస్యమైతే ఎదురు చివర వరసంతా ఆగాలి.

57 కిలోమీటర్ల గొట్హార్డ్ సొరంగంలో ఇబ్బంది ఇంకో రకం. గూడ్సు బండి వేగం 100, ప్రయాణికుల బండిది 200. గూడ్సులని ఒక గుత్తిగా ముందు పంపి, వెనకది చివరికి చేరేలోగా ఇంటర్‌సిటీ తగలకుండా మధ్య ఖాళీ ఉంచాలి. 2023 ఆగస్టు 10న ఒక గూడ్సు పెట్టె చక్రం అలసట పగుళ్ళతో విరిగింది. బండి అలాగే కొన్ని కిలోమీటర్లు పోయి, సొరంగం లోపలే ఫాయిడో పాయింట్ల దగ్గర పట్టాలు తప్పి, పక్కపక్కనే ఉన్న రెండు సొరంగపు గొట్టాలని వేరుచేసే తలుపుని పగలగొట్టింది. ఒక గొట్టం బాగానే ఉన్నా, తలుపు లేకపోతే పొగ అటు నుంచి ఇటు వస్తుందని ముందుగా గూడ్సులనే వదిలారు, ప్రయాణికులని పాత కొండలైను మీద తిప్పారు. ఏడు కిలోమీటర్ల పట్టా మార్చి పూర్తిగా తెరిచేసరికి 2024 సెప్టెంబరు 2. ఆ చుట్టుదారిలో దక్షిణాన ఉన్న టిచీనో ప్రయాణానికి గంట ఎక్కువ పట్టింది.

సాయంత్రం అయిదున్నర గుంపు కూడా పొద్దుటిలాగే వచ్చి పోయింది. కొత్త టైమ్‌టేబుల్ డిసెంబరు రెండో వారాంతంలో అమల్లోకొస్తుంది. ఆ తర్వాతి తేదీలకి టికెట్ కొనేవాళ్ళు పాత నిమిషాలు కంఠతా వచ్చని ధీమాగా ఉండకండి, యాప్‌లో ప్రయాణం తేదీ మార్చి చూడండి. 2024 డిసెంబరులో పశ్చిమాన నిమిషాలన్నీ మారాయి. లోజాన్ చుట్టూ పనుల కోసం కొన్ని ప్రయాణాలకి సమయం పెంచి రాశారు. నూషాటెల్ నుంచి జెనీవా పోయేవాళ్ళు ఆ మార్పుతో లోజాన్ పక్కనున్న రెనాన్‌లో బండి మారాల్సి వచ్చింది.