ఊరి జింజాలో ఒక్క గరిటెడు నీళ్లు: నా అనుభవం

జపాన్‌లో జింజా అంటే అక్కడి సొంత మతమైన షింతో గుడి. పేరున్న జింజాల్లో ముందున్నవాళ్లను చూసి మనమూ చేసేయొచ్చు. పూజారి కూడా ఉండని వాడకట్టు జింజాలో ఆ వీలుండదు. నేను పాటించే క్రమం ఇది.

తోరీ, అంటే ద్వారం, దాటేముందు టోపీ తీసి ఒకసారి తల వంచాలి. దారి నడిమధ్య దేవుడిది, మనం పక్కగా నడవాలి. దణ్ణం బయటినుంచే కాబట్టి చెప్పులు విప్పనక్కర్లేదు.

తడబడేదంతా తెమిజుయా అనే నీళ్లతొట్టి దగ్గరే. మొదలునుంచి చివరిదాకా ఒక్క గరిటెడుతో సరిపెట్టాలి. కుడిచేత్తో గరిటె నిండా ముంచి ఎడమచేతి మీద కాసిని పోయాలి. గరిటె చెయ్యి మార్చి కుడిచేతి మీద కాసిని. మళ్లీ కుడిచేతికి మార్చి, ఎడమ అరచేతిలో పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెకు మూతి తగలకూడదు. మనవాళ్లు అలవాటుకొద్దీ తీర్థంలా మింగేస్తారు. అది తాగే నీరు కాదు. తొట్టిలో కాకుండా, చెయ్యి అడ్డం పెట్టుకుని కింద కాలవలోకి వదలాలి. ఎడమచెయ్యి మరోసారి కడిగి, గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కాడ మీదుగా జారి మనం పట్టుకున్న చోటు కడుగుతాయి. తర్వాత బోర్లించి పెట్టాలి. మొదటి చేతికే ధారగా పోసేస్తే కాడ కడగడానికి చుక్క మిగలదు. కరోనా తర్వాత చాలాచోట్ల గరిటెలు తీసేశారు. అక్కడ పారే నీళ్లలో చేతులు కడుక్కుంటే చాలు. తొట్టి ఎండిపోయి ఉంటే నేను సీసా నీళ్లు వాడతాను.

హుండీలో నాణెం విసరకుండా మెల్లగా జారవిడవాలి. 5 యెన్లను ‘గో-ఎన్’ అంటారు, బంధం అనే మాటా అలాగే పలుకుతుంది కాబట్టి ఆ నాణేనికి గిరాకీ. గంట ఉంటే తాడు ఊపాలి. నడుము దాకా వంగి రెండు నమస్కారాలు, రెండు చప్పట్లు, ప్రార్థన, మళ్లీ ఒక నమస్కారం. చప్పట్లప్పుడు కుడి అరచేతిని వేలి కణుపంత కిందికి జరపాలి. ప్రార్థనకు మళ్లీ సమంగా కలపాలి. ఇజుమో, ఉసా క్షేత్రాల్లో మాత్రం చప్పట్లు నాలుగు. మనసులో ముందు పేరు, ఉండే ఊరు చెప్పుకోమంటారు, అచ్చం మన గోత్రనామాల్లాగే.

గోషుయిన్, అంటే దర్శనానికి గుర్తుగా వేసిచ్చే ముద్ర, కావాలంటే దర్శనం అయ్యాకే అడగాలి. పూజారి లేనిచోట, ముద్ర ఏ పెద్ద జింజాలో ఇస్తారో కాగితం అంటించి ఉండొచ్చు. మామూలుగా 300 నుంచి 500 యెన్లు. సాయంత్రం నాలుగైదింటికల్లా కౌంటర్ మూసేస్తారు. నోటిచ్చి చిల్లర అడిగితే ఇబ్బంది పడతారు, 100 యెన్ల నాణేలు ఉంచుకోండి.