రెండేళ్ల వీసా, నిత్యరాజ్యం

కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మా గోదావరి జిల్లాల ఆడవాళ్లం కలిస్తే ముందు ఒకరినొకరు అడిగేది "సెలవెప్పుడు?" అని. ఆ తర్వాత "ఇల్లు ఎంతదాకా వచ్చింది?" అని. ఒకరికి పునాది లేచింది, ఒకరికి స్లాబు పడింది, ఇంకొకరికి తాకట్టులో ఉన్న బంగారం విడిపించుకోవాలి. స్లాబు పడ్డాక బతుకుదాం, పిల్ల పెళ్లయ్యాక బతుకుదాం, ఈ రెండేళ్ల అగ్రిమెంటు అయ్యాక బతుకుదాం. ఎక్స్ఛేంజీలో ఇంటికి పంపే డబ్బు కట్టిన రోజే రోజు, మిగతావన్నీ గడిచిపోవాల్సినవి.

విశ్వాసులం కూడా నిత్యజీవాన్ని తెచ్చి ఈ వరసలోనే చివర పెడతాం. ఇల్లు, పెళ్లి, అన్నీ అయ్యాక పరలోకం. ఇది నా మనసుకు ఎప్పుడూ ఒప్పలేదు. ప్రభువు రాజ్యం నిజమని నమ్మితే ఇవాళ్టి రోజుకే బరువెక్కువ. ఇవాళ నేను చేసింది ఆయన ఎదుటికి వెళ్తుంది.

నేను చూసుకునేది మంచాన పడిన ఒక పెద్దావిడని. ఇంట్లో అందరూ యుమ్మా (అమ్మా) అంటారు, నేనూ అంతే. ఒళ్లు తుడవాలి, బట్టలు మార్చాలి, వీపు మీద పుండ్లు పడకుండా రాత్రంతా అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఆవిడకు నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. మెల్లగా తిప్పానో విసురుగా లాగానో చెప్పేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు. నిత్యత్వం మీద నా నమ్మకం ఎంతో నాకు తెలిసేది శుక్రవారం ఆరాధన పాటల్లో కాదు, అర్ధరాత్రి ఆ మంచం పక్కన.

"మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అని బైబిల్లో కొలొస్సయులకు రాసిన పత్రిక (ఉత్తరం) మూడో అధ్యాయంలో ఉంది. అపొస్తలుడైన పౌలు ఆ మాట దాసులకు రాశాడు. తండ్రి ఆస్తిలో వాటా అన్నది ఎరగని మనుషులకు, మీకు ప్రభువు దగ్గర స్వాస్థ్యం, అంటే వారసత్వపు వాటా, ఉందని చెప్పాడు. ఇది చదివినప్పుడల్లా నాకు గుండె నిండుతుంది.

శుక్రవారం సెలవు దొరికినవాళ్లం కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణకు వెళ్తాం. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, కాబట్టి పెద్ద ఆరాధనలు ఆ రోజే. అరబ్బీ, మలయాళం, తమిళం, తెలుగు, ఒక్కో భాషవాళ్లకు ఒక్కో హాలు, ఒక్కో టైము. ఒక సంఘం ఆమెన్ అని బయటికొస్తుంటే ఇంకో సంఘం లోపలికి వెళ్తుంటుంది. ఈ పనికి నాంది పలికింది అమెరికా మిషనరీలు. వాళ్లలో డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ గారు 1912లో వచ్చారు, కువైట్‌లో ఆడవాళ్లకు వైద్యం చేసిన మొదటి లేడీ డాక్టర్. అప్పటికి ఇక్కడ చమురు లేదు, బుర్గాన్ అనే చోట చమురు పడింది 1938లో. ముత్యాల కోసం సముద్రంలో మునిగే మగవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు, ఆ ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారావిడ. ఏదో ఒక రోజు కోనసీమ ఆడవాళ్లు ఈ ఊళ్లో తెలుగులో ప్రార్థన చేస్తారని ఆవిడకు తెలిసే వీలే లేదు. ఫలం కళ్లతో చూసుకోకుండానే పనిచేశారు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. మా గుంపులో ఒక చెల్లికి నెలల తరబడి జీతం ఇవ్వడం లేదు. "ఓర్చుకో అమ్మా, పరలోకంలో ప్రతిఫలం ఉంది" అని ఒక సిస్టర్ గారు ఓదార్చారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ వాక్యం అక్కడితో ఆగదు. ఆ పత్రికలోనే నాలుగో అధ్యాయం మొదటి వచనం యజమానులకు రాసింది: మీకూ పరలోకంలో యజమానుడు ఉన్నాడు, న్యాయంగా ఉండండి అని. పనివాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని బైబిల్లోనే ఇంకో పత్రికలో యాకోబు రాశాడు. పౌలు కొలొస్సయుల పత్రికను తుకికు అనే తోటి సేవకుడితో పంపినప్పుడు వెంట వెళ్లింది ఒనేసిము, ఒక దాసుడు. ఒనేసిముకు ఓర్చుకోమని చెప్పి ఊరుకోలేదు పౌలు. అతని యజమాని ఫిలేమోనుకు విడిగా ఉత్తరం రాశాడు, ఇతన్ని ప్రియ సహోదరుడిగా చేర్చుకో, ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేసుకో అని. నిత్యత్వం మీద చూపు ఉన్న మనిషి చేసిన పని అది.

ఇక్కడి చట్టం కూడా ఆ చెల్లి పక్షానే ఉంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసమే. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, రోజుకు 12 గంటలకు మించి చేయించకూడదు, మనం ఒప్పుకోకుండా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. జీతం ఆలస్యమైతే నెలకు 10 దినార్లు అదనంగా కట్టాలి. మనలో చాలామందికి ఈ సంగతే తెలియదు, ఏజెంట్లు చెప్పరు.

అందుకని పోయిన శుక్రవారం ఆరాధన అయ్యాక ఆ చెల్లిని కూర్చోబెట్టి కాగితాలన్నీ చూశాం. సివిల్ ఐడి (ఇక్కడి గుర్తింపు కార్డు) ఉంది, అగ్రిమెంటు ఫొటో ఫోనులో ఉంది, జీతం ఆగిన నెలలు ఒక కాగితం మీద రాసుకున్నాం. ప్రార్థన చేసుకున్నాం. ఈ వారం ఇద్దరం ఆమె వెంట ఫిర్యాదు చేయడానికి వెళ్తున్నాం, అక్కడ తేలకపోతే ఎంబసీకి. యుమ్మా కూతురు నాకు ఆ పూట సెలవిచ్చింది. నాకు అరబ్బీ కాస్త వచ్చు కాబట్టి అక్కడ మాట్లాడేది నేనే.