నాట్ గివెన్‌తో నా గొడవ

ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకీ ఉద్యోగానికీ అడిగే ఇంగ్లీష్ పరీక్ష) అంటే అందరూ స్పీకింగ్‌కి భయపడతారు, నాకు మాత్రం చుక్కలు చూపించింది రీడింగే. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియమే, చదవడమే కదా ఏముందిలే అని ఏమీ చూడకుండా ఫస్ట్ మాక్ (నమూనా పరీక్ష) రాసేశా. 40కి 19. మూడో పాసేజ్‌లో సగం ప్రశ్నలు ముట్టుకోనేలేదు.

అకడమిక్‌లో, అంటే పై చదువులకి వెళ్లేవాళ్లు రాసేదాంట్లో, రీడింగ్‌కి మూడు పాసేజ్‌లు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. పేపర్ మీద రాసేవాళ్లకి లిజనింగ్ అయ్యాక జవాబులు ఎక్కించుకోడానికి 10 నిమిషాలు ఇస్తారు, రీడింగ్‌లో అలాంటి దయ ఏమీ లేదు, ఆ గంటలోనే అన్నీ అయిపోవాలి. నాకు కావాల్సింది 9కి 7 బ్యాండ్ (స్కోరు), అంటే దాదాపు 30 కరెక్ట్ అవ్వాలి.

కూర్చుని తప్పులు చూస్తే ఎక్కువ పోయింది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ దగ్గరే. ఇచ్చిన వాక్యం పాసేజ్‌తో సరిపోతే ట్రూ, దానికి విరుద్ధంగా ఉంటే ఫాల్స్, అసలు ఆ ఊసే లేకపోతే నాట్ గివెన్. అసలు ప్రశ్న ఇక్కడ పెట్టలేను గానీ అలాంటిదే ఒకటి అల్లి చెప్తా. పేరాలో "ఊళ్లో పెద్ద రైతులు మాత్రమే బోర్లు వేయించుకున్నారు, కొన్నాళ్లకి బావులు ఎండిపోయాయి" అని ఉందనుకోండి. "రైతులందరికీ బోర్లు ఉన్నాయి" అంటే ఫాల్స్, గొడవే లేదు. "బోర్ల వల్ల రైతులు అప్పులపాలయ్యారు" అంటే? నేను కళ్లు మూసుకుని ట్రూ పెట్టేస్తా, ఎందుకంటే మా తాతయ్య మూడు బోర్లు వేయించి మూడూ ఫెయిలై ఎకరం అమ్ముకున్నాడు, నాకు తెలీదా! ఆన్సర్ నాట్ గివెన్. డబ్లిన్‌లో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి వాదిస్తే "ఒరేయ్, తాతయ్య సంగతి వాళ్లకెందుకురా, పేరాలో అప్పు అన్న మాట ఉందా లేదా అది చెప్పు" అంది. లేదు. అంతే, ఎంసెట్ టైం నుంచి తెలిసిందంతా వాడెయ్యడం అలవాటైన బుర్రకి ఆ ఒక్క ముక్క ఎక్కడానికి మూడు వారాలు పట్టింది.

ఇంకోటి, ఈ టైపులో జవాబులు పాసేజ్‌లో వరసగానే వస్తాయి, రెండోదీ నాలుగోదీ దొరికితే మూడోది ఆ మధ్యలోనే వెతుక్కోవచ్చు. ఏ సమాచారం ఏ పేరాలో ఉందో కనిపెట్టే ప్రశ్నలకి ఆ వరస ఉండదు, అందుకే నేను వాటిని చివర్లో చేస్తా, అప్పటికి పాసేజ్ కాస్త పరిచయం అయ్యుంటుంది కదా. ఏ పేరాకి ఏ హెడింగ్ అని మ్యాచ్ చెయ్యడం మాత్రం ఇప్పటికీ తలనొప్పే, మొదటి లైన్ చూసి పెట్టేస్తే పేరా మధ్యలో "కానీ" అని తిప్పేస్తాడు.

సిల్లీగా పోయిన మార్కులు వేరే ఉన్నాయి. రెండు పదాలు దాటొద్దంటే మూడు రాశా. ఎన్విరాన్‌మెంట్ స్పెల్లింగ్‌లో ఎమ్ ముందున్న ఎన్ మింగేశా, అదీ పాసేజ్‌లో కళ్ల ముందు ఉన్న పదం!

ఇప్పుడు రోజూ ఆఫీస్‌కి ముందు ఒక్క పాసేజ్, ఫోన్‌లో 20 నిమిషాలు టైమర్. తర్వాత ప్రతి తప్పుకీ ఏ లైన్ చూసి మోసపోయానో గీత గీసుకుంటా, దానికి అరగంట పైనే పడుతుంది, నిజానికి పనికొచ్చింది అదే. ఒక ప్రశ్న దగ్గర నిమిషంన్నర దాటితే ఏదో ఒకటి పెట్టి ముందుకి పోతా, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి.

మొన్నటి మాక్‌లో 31 వచ్చాయి. పరీక్ష శనివారం. అమ్మ "7 వస్తుందారా" అని అడిగితే నాట్ గివెన్ అన్నా, పాపం ఏ కాలేజీ పేరో అనుకుంది.