మొరం మీద రెండు కిలోమీటర్లు

వికారాబాద్ దగ్గరి అనంతగిరికని సైకిళ్ల మీద బయల్దేరి అనంతగిరి చూడకుండానే ఇంటికి చేరిన యాత్ర ఇది. కొండ ఫొటోలు అడగొద్దు, లేవు.

అసలు తప్పు శనివారం రాత్రిది, అంటే 2025 మార్చి 8. ఇటలీలో స్ట్రాడే బియాంకే సైకిల్ రేసు ఫోన్లో చూస్తూ అన్నం చల్లార్చుకున్నాను. సియెనా చుట్టూ 213 కిలోమీటర్లు, అందులో 80కి పైగా తెల్ల మట్టిబాట. స్లొవేనియా రేసర్ పొగాచర్ ఇంకో 50 కిలోమీటర్లు ఉందనగా మలుపులో జారి తుప్పల్లో పడ్డాడు. జెర్సీ చిరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. లేచి, ముందున్న పిడ్కాక్‌ను అందుకుని, ఆఖరి కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. అది చూశాక నిద్రేం పడుతుంది?

కానీ పొగాచర్‌కు గట్టి పోటీ అయిన వింగెగార్డ్ లేడు. పేరున్న రేసర్లు వాన్ ఆర్ట్, వాన్ డర్ పూల్ కూడా లేరు. "వింగెగార్డ్‌కు మట్టంటే భయం" అని మా సైక్లింగ్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. వెంటనే మా కెప్టెన్ అన్న జవాబు: "జూలైలో టూర్ డి ఫ్రాన్స్ గెలవాల్సినోడు మార్చిలో మట్టిలో పడి ఎముక విరగ్గొట్టుకుంటే నువ్వు వెళ్లి తొక్కుతావా? నిరుడు ఏప్రిల్‌లో పడి ఊపిరితిత్తికి చిల్లు పడింది వాడికి, గుర్తుందా?" కెప్టెన్ అన్న హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద గంటకు 38 తగ్గకుండా లాగే మనిషి. మా అందరిలో గట్టివాడు. ఆయన మట్టి తొక్కగా నేనెప్పుడూ చూడలేదు.

తెల్లవారి ఐదింటికి అప్పా జంక్షన్ దగ్గర కలిశాం. ఆరె మైసమ్మ దగ్గర దండం, మొయినాబాద్‌లో టీ. చేవెళ్ల దాకా ఆ మర్రిచెట్ల గురించి అందరూ రాశారు, నేను రాయను. రోడ్డు వెడల్పు చేస్తే ఎన్ని మిగులుతాయో అన్న దిగులు మాత్రం ప్రతిసారీ ఉంటుంది.

చేవెళ్ల దాటాక కుడివైపు ఒక మొరం బాట కనబడింది. ఏదో వెంచర్ వాళ్లు కొత్తగా పోసినట్టున్నారు, పక్కన రంగు రాళ్లు, జెండాలు. మ్యాప్‌లో చూస్తే అటు తిరిగి మళ్లీ మన్నెగూడ రోడ్డులోనే కలుస్తుంది. రాత్రి చూసిన రేసు తలలో ఇంకా తిరుగుతోంది. "అన్నా, ఇటు పోదాం" అన్నాను. ఆయన బాట వైపు ఒకసారి, తన టైర్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. "మన్నెగూడలో ఇడ్లీ తింటూ ఉంటా, రా" అని తారు మీదే వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఆయన వెనకే. పిరికివాళ్లు అనుకున్నాను.

మొదటి ఐదు వందల మీటర్లు నేనే పొగాచర్‌ని. తర్వాత చేతులు మొదలయ్యాయి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే మోచేతుల దాకా వణుకు, వదులుగా పట్టుకుంటే ముందు చక్రం తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. చిన్న ఎత్తు వచ్చిందని లేచి తొక్కబోతే వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది. సీటు మీద కూర్చుని బరువు వెనక ఉంచితేనే మట్టిలో పట్టు దొరుకుతుందని వందసార్లు విన్నదే. కాళ్లకు తెలియాలి కదా. పైగా రాత్రి టైర్లలో గాలి రాయిలా కొట్టి పెట్టాను, కాస్త తీసేద్దామన్న ఆలోచనే రాలేదు. వాన్ ఆర్ట్ గుర్తొచ్చాడు. బురదలో తొక్కే సైక్లోక్రాస్‌లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడు, 2018లో వానలో ఇదే రేసులో సియెనా ఊళ్లోకి ఎక్కే ఆఖరి ఎత్తు మీద కండరాలు పట్టేసి సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయాడు. లేచి సైకిల్ నెట్టుకుని పోయి మూడోవాడుగా చేరాడు.

నాకు అంత గొప్ప కష్టం రాలేదు. తుమ్మ ముల్లు దిగింది. ట్యూబ్ మార్చాను. మూడు వందల మీటర్లు పోయానో లేదో మళ్లీ అదే చక్రం బుస్సుమంది. ఉన్న ఒక్క ట్యూబ్ అయిపోయింది. ప్యాచ్ డబ్బాలో సొల్యూషన్ ఎండి రాయైంది. తొమ్మిది కూడా కాలేదు, ఎండ అప్పుడే నెత్తి మీద. ఫోన్లో సిగ్నల్ ఒక గీత.

పాల క్యాన్‌తో ఒక తాత వచ్చాడు, నల్ల హీరో సైకిల్. దిగి నా చక్రాన్ని వేళ్లతో నొక్కి చూశాడు.

"యాడికి బిడ్డా?"

"అనంతగిరి, తాతా."

"గింత సన్న టైర్ల మీదనా?"

నేనేమీ అనలేదు. ఆయన క్యాన్ దించి చెట్టు కింద కూర్చున్నాడు. "నీ చక్రం ఇప్పు. నా బండి తీస్కపో. రోడ్డు మీద పంక్చర్ దుకాణం ఉంది. నీ బండి కాడ నేనుంట."

2024 టూర్‌లో ఫ్రాన్స్‌లోని ట్రాయ్ ఊరి చుట్టూ 32 కిలోమీటర్ల మట్టిబాట పెట్టిన రోజు వింగెగార్డ్ టైరు పంక్చరైతే, జట్టులో తోటివాడు ట్రాట్నిక్ తన సైకిల్ ఇచ్చేశాడు. వింగెగార్డ్ తనది కాని సైకిల్ మీదే మిగతా దారంతా తొక్కాడు. అది చూసి ఆ రోజు నేను నవ్వాను కూడా.

ముందు చక్రం క్యారియర్‌కు కట్టుకుని తాత సైకిల్ ఎక్కాను. ఎక్కగానే ఆశ్చర్యం. అదే బాట, అవే రాళ్లు, సైకిల్ మాత్రం నిదానంగా, నిటారుగా పోతోంది. దిగి చూశాను. టైరు పక్కన 28 అని ఉంది. నా టైరు మీదా 28 అనే ఉంటుంది, కాకపోతే నాది 28 మిల్లీమీటర్ల వెడల్పు. తాతది 28 అంగుళాల చక్రం, వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. ఇటలీ మట్టి మీద ప్రొఫెషనల్స్ వాడేవాటికన్నా లావు. చిన్నప్పుడు మిర్యాలగూడలో గంటకు అర్ధరూపాయి అద్దె సైకిల్, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కాలవ కట్ట మీద తొక్కింది ఇలాంటిదే. అప్పుడు బాట గురించి ఆలోచించిన గుర్తే లేదు.

దుకాణం కుర్రవాడు టైరు లోపల వేలు తిప్పి, సగం విరిగిన ముల్లు తీసి నా అరచేతిలో పెట్టాడు. "ముల్లు లోపలే ఉంచి ట్యూబ్ మార్చిండ్రా సార్?" రెండు ట్యూబులకు ప్యాచ్‌లు, వంద రూపాయలు. ఆ డబ్బుకు బాధ లేదు, ఆ చూపుకే. నా వాల్వు సన్నది, అతని కంప్రెసర్‌కు పట్టలేదు. మార్చే ఇత్తడి ముక్క ఇంట్లో సొరుగులో భద్రంగా ఉంది. జేబులో పట్టే పంపుతో రెండు వందలు లెక్కపెట్టి కొట్టాను, తర్వాత లెక్క మానేశాను.

తిరిగి వెళ్లేసరికి తాత బీడీ తాగుతూ నా సైకిల్‌ను ఒక చేత్తో లేపి చూస్తున్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "పాలు పలుగుతయేమో" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ మాట దారంతా నా వెంట వచ్చింది.

మన్నెగూడలో కెప్టెన్ అన్న గంటన్నర నుంచి కూర్చుని ఉన్నాడు. ప్లేటు ఇడ్లీ యాభై రూపాయలు, చట్నీలో నీళ్లే ఎక్కువ. నా మోకాళ్ల దాకా ఎర్రమట్టి చూసి ఏమీ అడగలేదు, ఇంకో ప్లేటు చెప్పాడు. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాం.

గురువారం పారిస్–నీస్ రేసులో వింగెగార్డ్ పడ్డాడు. మర్నాడు రేసు వదిలేశాడు. పడింది తారు మీద. శనివారం పొగాచర్ జారిందీ తారు మీదే, మట్టి మీద కాదు. గ్రూపులో వార్త ఎవరో పెట్టారు. అన్న "చూశావా" అనలేదు, నేనూ అనలేదు.

శుక్రవారం సైకిల్ షాపుకు వెళ్లి లావు టైర్లు అడిగాను. నా ఫ్రేములో 32 దాటితే పట్టదన్నారు. జత తొమ్మిది వేలట.